పసుపంటిన దినార్లు

డబ్బు విషయంలో నేను మూర్ఖుణ్ణని ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. సిగ్గల్లా ఒక్కటే, నేను లెక్కల మాస్టారిని. పాతబస్తీలో ఒక తెలుగు మీడియం సర్కారు బడిలో ముప్పై ఏళ్ళ పాటు లాభనష్టాల పాఠం చెప్పి రిటైరయ్యాను. కొన్నవెల, అమ్మినవెల, రెంటి మధ్య తేడా, ఆ తేడాకు శాతం. నల్లబల్ల మీద నేను వేసిన లెక్కల్లో వ్యాపారికి ఎప్పుడూ లాభమే వచ్చేది. బల్ల తుడిచి, చేతులు దులుపుకుని, గేటు దాటి బజారులో అడుగుపెట్టగానే ఆ వ్యాపారి నాకు నిజంగా ఎదురయ్యేవాడు. అప్పుడు కూడా లాభం అతనికే వచ్చేది.

అయినా బుద్ధి రాలేదు. అయిదు కువైటు నోట్లను రూపాయల్లోకి మార్చడానికి అన్నిటికన్నా చవకైన దారి కనిపెడతానని బయల్దేరి, గౌలిపుర నుంచి నయాపూల్ దాకా ఉన్న గల్లీలన్నీ తిరిగి, చివరికి అన్నిటికన్నా ఖరీదైన దారిన ఇల్లు చేరాను. అరిగింది నా చెప్పులు మాత్రమే అయితే ఈ సంగతి ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు.

మా ఆవిడ తమ్ముడు కువైట్‌లో ఏసీలు బాగుచేస్తాడు. ఈ ఏడు మాఘమాసంలో సెలవు మీద వచ్చాడు. వచ్చీ రాగానే, "అక్కకు ఒడిబియ్యం పోసి మస్తు ఏండ్లయింది" అని మమ్మల్ని ఉప్పుగూడలోని తన ఇంటికి పిలిచాడు. పుట్టింటివాళ్ళు ఆడబిడ్డను పీట మీద కూర్చోబెట్టి, పసుపూ నూనే కలిపిన బియ్యం దోసిళ్ళతో ఆమె కొంగులో పోయడం మా దిక్కు మర్యాద. బియ్యంతో పాటు కుడుకలు, ఖర్జూరాలు, పసుపుకొమ్ములు, పోకలు పడతాయి. కొంత డబ్బు కూడా పడుతుంది. డబ్బంటే మామూలుగా నూటపదహార్లు. మా బావమరిది మాత్రం జేబులోంచి అయిదు నోట్లు తీశాడు. ఒక్కోటి ఇరవై దినార్లు. దోసిలికొకటి చొప్పున బియ్యంలో కలిపి అక్క ఒడిలో పోశాడు.

"ఒడిబియ్యం గాదు, ఒడి దినార్లు!" అని చుట్టాల్లో ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు. కొంగు రెండు చేతులా పట్టుకుని, అందులోకే చూస్తూ కూర్చుంది. ఆ మొహం ఎప్పుడో పెళ్ళినాడు చూశాను. ఆనాడు కూడా ఆమె చూస్తున్నది నన్ను కాదు, బియ్యాన్నే.

ఒడిలో పడిన డబ్బు ఆడబిడ్డ సొంతం. దాన్ని ఉప్పుకూ పప్పుకూ ఖర్చు చెయ్యరు. ఇల్లు చేరి, నోట్లను బియ్యంలోంచి ఏరి, పొడిబట్టతో తుడుస్తూనే ఆమె తన మనసులో మాట చెప్పేసింది. ఆమెకు పికో మిషిన్ కావాలి.

మా ఆవిడ గల్లీలో ఆడవాళ్ళ చీరలకు ఫాల్ కుడుతుంది. చేత్తోనే. చీర అంచుకు పికో చెయ్యాలంటే మాత్రం మిషిన్ ఉండాలి. అందుకని చీరల్ని వెనక గల్లీలో ఉండే ఆపా దగ్గరకు పంపేది. ఆపా అంటే అక్క. ఆ పెద్దావిడను గౌలిపురలో ముసలివాళ్ళు కూడా ఆపా అనే అంటారు. వచ్చిన డబ్బులో సగం అటు పోయేది, సగం ఇటు మిగిలేది. ఇప్పుడు ఆపా ఇల్లు ఖాళీచేసి బీదర్‌లో కూతురి దగ్గరకు వెళ్ళిపోతోంది. మిషిన్ అమ్మకానికి పెట్టింది, మోటరుతో సహా.

"నీకైతేనే ఇస్తున్న బేటీ," అందట ఆపా. "ఇంకో ఇద్దరు అడుగుతున్నరు. వాళ్ళకు ఆజ్‌కల్, ఆజ్‌కల్ అంటున్న. షబే బరాత్ పండుగ వరకు ఆగుతా. దాని తెల్లారి నా సామాను టెంపో ఎక్కుతది."

ఆపా చెప్పిన ధరకూ, ఆ అయిదు నోట్లకు రాగల రూపాయలకూ పెద్ద తేడా లేదు. దేవుడు లెక్క వేసి పంపినట్టే ఉంది. మధ్యలో నేను చెయ్యి పెట్టకుండా ఉండాల్సింది.

"రేపు పొద్దున్నే పోయి మార్చుకొద్దాం. నేను గూడ వస్త," అంది మా ఆవిడ.

"నువ్వెందుకు? నేను చూస్కుంట గద. ఎవనికి పడితే వానికి ఇస్తే ముంచుతరు. నాలుగు చోట్ల అడగాలె, రేటు చూడాలె."

"సరే సారూ," అంది.

మామూలుగా ఆమె నన్ను 'ఏమయ్యా' అంటుంది. సారూ అన్నదంటే నా మీద నమ్మకం లేదని అర్థం. ఇన్నేళ్ళలో నాకు తప్పకుండా తెలిసిన విషయాల్లో అదొకటి. అయినా పట్టించుకోలేదు.

నయాపూల్ దగ్గర ఒక మేడ కింద విదేశీ డబ్బు మార్చే దుకాణం ఉంది. అద్దాల తలుపు, లోపల ఏసీ, గోడ మీద వెలిగే బోర్డు. బోర్డు మీద ప్రతి దేశం పక్కనా రెండు అంకెలు. కువైటు వరసలో పెద్ద అంకె చూసుకుని, మనసులోనే అయిదు నోట్లకు హెచ్చవేసుకుని, కౌంటరు దగ్గరకు వెళ్ళాను. కూర్చున్నతను నడివయసువాడు, తెల్లటి లాల్చీ, ఎంతో మర్యాద.

"ఆయియే, మాస్టర్ సాబ్," అన్నాడు. నేను మాస్టర్నని ఎలా తెలిసిందో తెలియదు. బహుశా బోర్డును చదివిన తీరు చూసి ఉంటాడు.

రేటు చెప్పాడు. నేను గోడ మీది అంకె చూపించాను. "అక్కడ ఎక్కువున్నది గద?"

"గది మేము అమ్మే రేటు సార్. మీ దగ్గర కొనేది పక్కన చిన్నదున్నది చూడుండ్రి, గది."

"ఒకటే నోటు. కొనేటప్పుడు ఒక ధర, అమ్మేటప్పుడు ఒక ధరనా?"

అతను నా వైపు జాలిగా చూశాడు. "రెండూ ఒక్కటే అయితే మేము ఏం తినాలె మాస్టర్ సాబ్?"

కొన్నవెల. అమ్మినవెల. ముప్పై ఏళ్ళు. నాకు చెవులు వేడెక్కాయి. ఆ చల్లటి గదిలో వేడిగా ఉన్నవి నా చెవులొక్కటే.

సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి నోట్లు తీసి కౌంటరు మీద పరిచాను. అతను ఒకటి పైకెత్తి దీపం వైపు పట్టాడు. తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఏంది సార్ ఇది? నోటా, పులిహోరనా?"

పక్కన కూర్చున్న ఇద్దరు నవ్వారు. నేను ఒడిబియ్యం గురించి చెప్పాను. అతను శ్రద్ధగా విని, "మంచి రివాజు సార్, మస్తు మంచి రివాజు," అని, "కానీ మరక నోటుకు రేటు కొంచెం తగ్గుతది," అన్నాడు. మారకానికి మరక అడ్డమొస్తుందని ఏ తెలుగు వాచకంలోనూ రాయలేదు. రాసి ఉంటే నేను చదివేవాణ్ణి.

అతను తగ్గించి చెప్పిన మొత్తానికి కూడా ఆపా మిషిన్ వచ్చేది. మోటరు కూడా వచ్చేది. ఆ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ తర్వాత ఆ మొత్తం నాకు మళ్ళీ కనపడలేదు.

నేను ఫోన్ తీసి చూశాను. ఫోన్‌లో రేటు అతను చెప్పినదానికన్నా చాలా పైన ఉంది. అది అతనికి చూపించాను.

"గా ఫోన్‌ను కూడా నోట్లతో కలిపి ఇస్తరా సార్? మార్చి ఇస్త," అన్నాడు.

నోట్లు మడిచి జేబులో పెట్టుకుని, తల పైకెత్తి, బయటికొచ్చాను.

ఆ ఫోన్ రేటు గురించి ఒక మాట చెప్పాలి. అది దేవుడి రేటు. దాని దర్శనం అందరికీ ఉంటుంది, ప్రసాదం ఎవరికీ అందదు. ఆ రేటుకు డబ్బు మార్చిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. కానీ ఒకసారి దర్శనమయ్యాక కింది రేట్లన్నీ దోపిడీలాగే కనిపిస్తాయి. పొద్దున లేవగానే ముందు దాన్నే చూసేవాణ్ణి. నేను చూసిన ప్రతిసారీ అది కొంచెం కిందికి దిగేది. చూడటం మానేద్దామనుకున్న రోజు మాత్రం పైకి లేచి నన్ను మళ్ళీ ఊరించేది. ఆ పూట నేను నయాపూల్ చేరేలోపు మళ్ళీ పడుకునేది. దినార్లన్న పేరు వాటికి ఊరికే పెట్టలేదు, దినదినం అరిగిపోయాయి.

తిరగడం మొదలైంది. పత్తర్‌గట్టిలో ఒకతను కాసిన్ని పైసలు ఎక్కువిస్తానన్నాడు, కానీ వంద నోట్లుంటేనే. ఇంకొకతను రేటు బాగా చెప్పి, చివర్లో ఏదో చార్జీ అని, దాని మీద పన్ను అని, రెండూ కలిపి మొదటి దుకాణం కన్నా కిందికి దించాడు. మరొకతను నోట్లు చూడకుండానే ధర చెప్పాడు, చూశాక చెప్పిన మాట మర్చిపోయాడు. పసుపు అందరికీ కనిపించేది. ఒకాయన మాత్రం నోటును కళ్ళకద్దుకుని తిరిగిచ్చాడు. కొనలేదు.

ఇక బ్యాంకు. నా పెన్షన్ పడే బ్యాంకులోని అమ్మాయి దినారు నోటును వెనకా ముందూ చూసి, "మా బ్రాంచిల ఇసుంటివి తీస్కోము సార్. పెద్ద బ్రాంచికి పోవాలె," అంది. మూసీ దాటి పెద్ద బ్రాంచికి వెళ్ళాను. అక్కడ తీసుకుంటారట, కానీ తీసుకునే ఆయన సెలవులో ఉన్నాడట. ఆయన కూర్చునే కుర్చీ చూపించారు. దాని మీద ఒక టిఫిన్ డబ్బా ఉంది. నేను ఆ డబ్బా వైపు కాసేపు చూసి, వంతెన దాటి వెనక్కి వచ్చాను.

ప్రతి సాయంత్రం మా ఆవిడ తలుపు దగ్గరే అడిగేది. "అయిందా?"

"రేపు," అనేవాణ్ణి.

"ఆపాకు ఏం చెప్పాలె?"

"ఇంకా దినాలున్నయి గద."

ఆమె చేతిలో సూది ఆగేది కాదు. ఫాల్ కుడుతూనే ఉండేది. మళ్ళీ ఆ చీరను మడిచి, పికో కోసం ఆపా దగ్గరకు తీసుకెళ్ళేది. తనదవుతుందో కాదో తెలియని మిషిన్ మీద ఇంకొకరి చేత పని చేయించుకుని రావడం ఎలా ఉంటుందో నేను అప్పుడు ఆలోచించలేదు. రేటు ఆలోచిస్తున్నాను.

ఈ మధ్యలో ఒడిబియ్యం వండే రోజు వచ్చింది. ఆ బియ్యాన్ని వండి, ఇరుగుపొరుగును పిలిచి పెట్టాలి. మా ఆవిడ పిలుపులకని వెళ్ళింది. ఇంట్లో నేనూ, నోట్లూ మిగిలాం. అసలు లొల్లి పసుపుతోనే కదా, అది పోతే పూర్తి రేటు వస్తుంది కదా అని నా బుర్ర ఒక సమీకరణం కట్టింది. ముందు ఒక్క నోటుతో చూద్దామనుకున్నాను. బట్టల సబ్బు కొంచెం అరచేతిలో రాసుకుని, మరక మీద మెల్లగా రుద్దాను.

మరక ఎర్రబడింది.

గాభరాపడి ఇంకా రుద్దాను. ఇంకా ఎర్రబడింది. పసుపు నోటు కాస్తా కుంకుమ నోటయింది. సైన్సు మాస్టారైతే ఇది ముందే తెలిసి ఉండేది. అంతదాకా ఎందుకు, పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని మా ఇంట్లో ప్రతి శుభకార్యానికీ కళ్ళారా చూస్తున్నవాణ్ణే. చూసింది బుర్రకెక్కే అలవాటు ఉంటే నా జీవితం ఇంకోలా ఉండేది.

నోటును తీగ మీద క్లిప్పు పెట్టి ఆరేస్తుండగా మా ఆవిడ వచ్చింది.

"ఏందిది?"

"కడిగిన."

"ఏం కడిగినవ్?"

"పసుపు."

ఆమె నోటును చూసింది, నన్ను చూసింది. "నువ్వు బతికుండంగనే నా పసుపు కడుగుతున్నవా?" అంది. తర్వాత చేతిలోని బొట్టుపెట్టె పక్కన పెట్టి, "ఎప్పుడు పోవాలనుకుంటున్నవో ముందుగాల చెప్పు సారూ. చుట్టాలకు ఇంకోసారి పిలుపు పొయ్యే పని ఉండదు, అందరికీ ఒకటేసారి చెప్పొస్త," అంది.

పొరుగింటావిడ గోడ అవతల నవ్వు ఆపుకోవడం నాకు వినిపించింది. నేను కూడా నవ్వాను. మా ఆవిడ లోపలికి వెళ్ళి బియ్యం కడగడం మొదలుపెట్టింది. నీళ్ళు చాలాసేపు పారాయి.

మర్నాడు ఎర్ర నోటుతో సహా అయిదూ పట్టుకుని మళ్ళీ నయాపూల్ వెళ్ళాను. లాల్చీ మనిషి నోటు చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"మొన్న పులిహోర తెచ్చిండ్రు. ఇయ్యాల టమాట పప్పా? మాస్టర్ సాబ్, మీరు నోట్లు తెస్తున్నరా, క్యారేజీ తెస్తున్నరా?"

ఆ రోజు అతను చెప్పిన మొత్తం విని నోట్లు తిరిగి జేబులో పెట్టుకున్నాను. ఎదురు మాట్లాడే అర్హత ఎక్కడో సబ్బునీళ్ళలో పోయింది. అప్పటికి ఆపా పెట్టిన గడువుకు ఇంక నాలుగైదు రోజులే ఉన్నాయి. వంతెన మీద నిలబడి, అలా మూసీలోకి చూస్తుండగా, నాకు అన్నిటికన్నా చవకైన దారి తట్టింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ నది ఇంకొంచెం కంపు కొట్టి నన్ను అక్కణ్ణించి తరిమి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

బావమరిది వచ్చే వారమే కువైటుకు తిరిగి వెళ్తున్నాడు. దినార్లు అక్కడ మామూలు డబ్బు. పసుపో, ఎరుపో, ఏదో ఒక బ్యాంకు తీసుకుంటుంది. అతను అక్కణ్ణించి ఫోన్‌లోనే రూపాయలు పంపిస్తాడు. దేవుడి రేటుకు అంత దగ్గరగా వచ్చే దారి ఇంకోటి లేదు. మారకం ఖర్చు దాదాపు సున్నా. లెక్కల మాస్టారుకు సున్నాను మించిన జవాబు ఉండదు. ఈలోపే ఆపా గడువు దాటిపోతుందని ఆ సున్నాలో నాకు కనపడలేదు.

ఇంటికొచ్చి, ముందు గదిలో కూర్చుని ఫోన్ చేశాను.

"చెప్పు బావా!" అన్నాడు ఉత్సాహంగా.

"ఏం లేదు రా. నువ్వెట్లాగూ పోతున్నవ్ గద. గా నోట్లు నువ్వే తీస్కపో. ఆడికెళ్ళి ఫోన్ల పంపు. రేటు మంచిగొస్తది, ఖర్చు గూడ ఉండదు."

 

"బావా," అన్నాడు మెల్లగా, "ఒడిల పోసినయి వాపస్ తీస్కోమంటున్నవా?"

"వాపస్ గాదు రా. మారకం."

"అక్కనడిగినవా?"

అక్క నా వెనకాలే ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "తమ్మీ, మీ బావకు రేటు దెబ్బ తగిలింది. నెత్తి పని చేస్తలేదు. నువ్వేం మనసుల పెట్టుకోకు," అంది. గొంతు మామూలుగానే ఉంది. ఫోన్ పెట్టేశాక మాత్రం గోడకు ఆనుకుని నిలబడింది.

"పుట్టింటోళ్ళు ఒడిల పోసింది మళ్ళ పుట్టింటికి ఎవరు పంపుతరో ఎర్కనా?"

నేను తెలియదన్నట్టు చూశాను.

"తెగదెంపులు చేస్కునేటోళ్ళు."

అంతే అంది. సారూ అనలేదు. ఆ రోజు నాకు అన్నం పెట్టింది, మంచినీళ్ళు పెట్టింది, మాట మాత్రం పెట్టలేదు. 

నేను ఆమె డబ్బును కాపాడుతున్నాననే అనుకున్నాను. ఒక్కో రూపాయి ఆమె కోసమే. కానీ ఆ నోట్లు కౌంటరు మీద పరిచినప్పుడల్లా నాకు వాటి మీద అంకెలే కనపడ్డాయి. ఆమెకు వాటిని దోసిలిలో పట్టిన చేతులు కనపడుతున్నాయి. ఈ రెంటి మధ్య మారకం రేటు ఏ బోర్డు మీదా వెలగదు.

షబే బరాత్ నాడు పొద్దున ఆమె నోట్లు తన సంచిలో పెట్టుకుని చెప్పులు వేసుకుంది. నేనూ వేసుకున్నాను. వద్దనలేదు. దారిలో ఒకే మాట అంది. "అక్కడ నోరు తెరవకు."

నయాపూల్ దుకాణంలో లాల్చీ మనిషి లేచి నిలబడ్డాడు. నాకు ఎప్పుడూ లేవలేదు. "బైఠియే అమ్మా," అన్నాడు. ఆమె కూర్చోలేదు. నోట్లు కౌంటరు మీద పెట్టింది, నాలుగు పసుపువి, ఒకటి ఎర్రది. ఆధార్ కార్డు పక్కన పెట్టింది. అతను లెక్క నొక్కాడు. పసుపు నోట్లకు రేటు మొదటి రోజు కన్నా తక్కువ. ఎర్రదానికి సగం.

నా నోరు తెరుచుకుంది. ఆమె చూసింది. మూతపడింది.

"సరే," అంది అతనితో. "రశీదు ఇయ్యి."

టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. నేను అన్ని రోజులు తిరిగిన పని అది.

అక్కణ్ణించి నేరుగా ఆపా ఇంటికి వెళ్ళాం. గది నిండా కట్టిన మూటలు. మధ్యలో మిషిన్ మాత్రం కట్టకుండా ఉంచింది. మా ఆవిడ డబ్బు ఆపా చేతిలో పెట్టి, ఎంత తక్కువైందో చెప్పింది. ఎందుకు తక్కువైందో చెప్పలేదు. ఆ దయ నాకిప్పటికీ గుచ్చుతుంది.

ఆపా డబ్బు లెక్కపెట్టుకుంది. ఆమెకూ బీదర్‌లో ఖర్చులున్నాయి. "బేటీ, గిట్ల చేస్త. మిషిన్ నీది. మోటరు గా ఇంకొకామెకు ఇచ్చేస్త, ఆమె ఎప్పట్నుంచో అడుగుతున్నది. నీకు కాళ్ళతోని తొక్కే స్టాండు ఇస్త, పైసలొద్దు. ఫికర్ చెయ్యకు, నేను గూడ మొదట్ల దాని మీదనే తొక్కిన."

"నా పెన్షన్ వచ్చే వారం పడుతది," అన్నాను. "అప్పటిదాంక మోటరు ఆపితే..."

"టెంపో రేపే మాస్టర్ సాబ్," అంది ఆపా.

మిషిన్ మా ఇంటికి రిక్షాబండి మీద వచ్చింది. మోటరు ఆపా ఇంటి నుంచి ఎదురు దిక్కుగా వెళ్ళిపోయింది. నేను గల్లీ మొగదల నిలబడి అటూ ఇటూ చూశాను.

ఆ రోజు నుంచి మా ముందు గదిలో ఆ తొక్కుడు చప్పుడు మొదలైంది. ఫాల్, పికో రెండూ ఇంట్లోనే. పని పెరిగింది. ఆమె మడమలకు రాత్రిపూట నూనె రాసుకోవడం కూడా పెరిగింది. పెన్షన్ పడగానే కొత్త మోటరు కొంటానన్నాను.

"వద్దు. గది నా ఒడిల మిషిన్. దాని మీద కుట్టి, దానికి నేనే కొనుక్కుంట."

"పోనీ, నేను కింద కూర్చుని తొక్కుత. నువ్వు పైన కుట్టు."

"ఇన్నొద్దులు తొక్కింది చాలదా?" అంది. కానీ ఆ మాటంటూ చాలా రోజుల తర్వాత కొంచెం నవ్వింది. బావమరిది కువైటుకు వెళ్తూ ఎయిర్‌పోర్టు నుంచి అక్కకే ఫోన్ చేశాడు. నన్ను అడగలేదు. ఉగాది నాడు మాత్రం నా ఫోన్‌కు చేసి, "బావా, మంచిగున్నవా?" అన్నాడు. మంచిగున్నానని చెప్పాను. రేటు మాట ఇద్దరం ఎత్తలేదు.

ఇక నేను చేయగలిగింది ఏమీ మిగల్లేదు. పోయిన డబ్బు రాదు, మోటరు రాదు, రోజూ వినపడే ఆ చప్పుడు నా లెక్కల తప్పును అడుగడుగునా దిద్దుతూనే ఉంటుంది. నా చేతకానితనాన్ని ఎవరి మీదో ఒకరి మీద తీర్చుకోవాలి కదా.

ఎండలు ముదిరాయి. మా ఆవిడకు దారపు ఉండలు తేవడం నా పని. పత్తర్‌గట్టిలో దారాలు కొని, తిరిగి వచ్చేటప్పుడు కొంచెం చుట్టుదారైనా సరే నయాపూల్ మీదుగా వస్తాను. అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్తాను. ఏసీ సరిగ్గా ఎదురుగా పడే కుర్చీ ఒకటుంది, దాంట్లో కూర్చుంటాను.

"ఆయియే మాస్టర్ సాబ్. ఏమన్న మార్చాల్నా?"

"మంగోలియా పైసల రేటెంతున్నది భాయ్?"

మర్యాద గల మనిషి. పొమ్మనలేడు. కళ్ళజోడు పెట్టుకుని కంప్యూటర్లో వెతుకుతాడు. దొరకదు. ఎవరికో ఫోన్ చేసి అడుగుతాడు. వెనక నిలబడ్డవాళ్ళు గడియారాలు చూసుకుంటారు. ఈ లోపల నా చెమట ఆరుతుంది. ఒక రోజు మంగోలియా, ఒక రోజు ఫిజీ, ఒక రోజు పెరూ. పొద్దున్నే ఇంట్లో అట్లాసు ముందేసుకుని దేశం ఎంచుకుని బయల్దేరుతాను.

మొన్న అతను చాలాసేపు వెతికి, ఒక కాగితం మీద అంకె రాసి నా ముందు పెట్టాడు. "ఇగోండ్రి, మడగాస్కర్. ఎంత కావాలె సార్?"

కాగితం తీసుకుని దీపం వైపు పట్టి చూశాను. తల అడ్డంగా ఊపాను.

"జరా ఎక్కువున్నట్టున్నది భాయ్," అని, దారాల సంచి తీసుకుని ఎండలోకి నడిచాను.